షియామెన్ ఎలా ఎదిగింది? చీమకుర్తి రాయి వెంట అక్కడికి వెళ్ళినవాడి జవాబు

ప్రశ్న ఇది: “షియామెన్ అనే చిన్న చైనా దీవి నలభై ఏళ్ళలో అంత పెద్ద రేవు నగరం ఎలా అయింది? ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టినందుకేనా?”

ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ చదివాను. అందరిదీ ఒకటే పాట. 1980లో చైనా ప్రభుత్వం షెన్‌జెన్, జుహాయ్, షాంటౌ, షియామెన్ అని నాలుగు చోట్ల ప్రత్యేక ఆర్థిక మండళ్ళు ప్రకటించింది, పన్నులు తగ్గించింది, విదేశీ కంపెనీలు వచ్చి వాలాయి, కథ కంచికి. అంత తేలికైతే మన దగ్గర సెజ్ అని బోర్డు పాతి, చుట్టూ ప్రహరీ కట్టి, లోపల తుమ్మచెట్లు పెంచుతున్న భూములన్నీ ఈపాటికి షియామెన్‌లు అయిపోయి ఉండాలి. నా అభిప్రాయం వేరు, ముందే చెప్పేస్తాను: షియామెన్‌ను నిలబెట్టింది మండలి కాదు, ఆ ఊరు వదిలి సముద్రం దాటి పోయినవాళ్ళు. ప్రభుత్వం చేసిందల్లా ముప్పై ఏళ్ళు మూసిపెట్టిన తలుపు తీయడమే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మాది ఒంగోలు, పని చీమకుర్తి గ్రానైట్‌తో. నల్లరాయి మీద బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీకి చీమకుర్తే పుట్టిల్లు. క్వారీలో తీసిన బ్లాకులు కృష్ణపట్నం, చెన్నై రేవుల్లో ఓడెక్కి పెద్దమొత్తంలో దిగేది షియామెన్‌లోనే. అక్కడి నుంచి పక్కనే ఉన్న షుయిటౌ అనే రాళ్ళ ఊరికి పోయి, పలకలుగా కోయించుకుని, పాలిష్ పెట్టించుకుని లోకమంతా తిరుగుతాయి. ఎగుమతి చేసే కంపెనీ తరఫున కొలతలు, కొన్నవాళ్ళతో తగాదాలు చూసే పని నాది కాబట్టి ఆ ఊరికి ఏళ్ళ తరబడి తిరిగాను. నేను ప్రొఫెసర్‌ని కాదు, చైనీస్ చదవడం రాదు. అయినా డ్రోన్ ఎగరేసి, వెనక మ్యూజిక్ పెట్టి, “ఫ్యూచర్ సిటీ” అని ఊదరగొట్టే యూట్యూబర్ల కంటే నయమనే అనుకుంటున్నాను.

ముందు ఒక సంగతి. ఆ తీరానికి పాతకాలంలో పెద్ద రేవు షియామెన్ కాదు, దానికి ఉత్తరాన ఉన్న చువాన్‌జౌ. మార్కోపోలో జైతూన్ అని రాసింది దాన్నే. మన మోటుపల్లి గురించి రాసిందీ ఆ మార్కోపోలోనే, అప్పటికి అది కాకతీయుల రేవు. చువాన్‌జౌలో తమిళ వర్తకులు శివాలయం కట్టుకున్నారు, 1281 నాటి తమిళ శాసనం అక్కడ దొరికింది. ఆ ఊరి కైయువాన్ బౌద్ధాలయంలో స్తంభాల మీద కృష్ణుడు, నరసింహుడు కనబడతారు. షియామెన్‌లో జరిగే గ్రానైట్ మేళాకి వెళ్ళేవాళ్ళు ఒక పూట మిగుల్చుకుని చూసి రండి, హోటల్లో కూర్చుని రేట్ల గురించి వాట్సాప్ మెసేజ్‌లు పెట్టుకోవడం ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు.

షియామెన్ అప్పటికి లెక్కలోనే లేదు. 14వ శతాబ్దం చివర్లో మింగ్ రాజులు సముద్రపు దొంగల భయంతో అక్కడ ఒక కోట కట్టారు, అంతే. పేరు పైకొచ్చింది 17వ శతాబ్దంలో, జెంగ్ చెంగ్‌గాంగ్ వల్ల. పాశ్చాత్యులు ఆయన్ని కోక్సింగా అంటారు. తండ్రి ఓడల మీద సగం వ్యాపారం, సగం దోపిడీ చేసిన మనిషి, తల్లి జపాన్ ఆవిడ. మంచూలు దేశాన్ని ఆక్రమిస్తే లొంగకుండా షియామెన్, కిన్మెన్ దీవుల్లో తిష్ఠ వేసి పోరాడాడు. 1661లో ఇక్కడి నుంచే దండెత్తి, మరుసటి ఏడు డచ్చివాళ్ళను తైవాన్ నుంచి తరిమేశాడు. అంత సైన్యానికి తిండి పెట్టింది ఈ కొండరాళ్ళ దీవిలోని పొలాలు కాదు, ఓడల వ్యాపారం. ఆయన్ని ఆకలితో మాడ్చి లొంగదీయడానికి ఆ మంచూల చింగ్ ప్రభుత్వం తీరం వెంబడి ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించింది, 1663లో షియామెన్‌ను పట్టుకుని నేలమట్టం చేసింది, దానికి తోడొచ్చింది మళ్ళీ ఆ డచ్చివాళ్ళే. 1684లో సుంకం కచేరీ పెట్టి రేవు తెరిచారు. 1757లో పాశ్చాత్య వ్యాపారమంతా క్యాంటన్ రేవుకే అని మళ్ళీ మూశారు. తెరవడం, మూయడం, ఈ ఊరి చరిత్ర చాలావరకు ఇదే.

నల్లమందు యుద్ధంలో మా రాళ్ళవాళ్ళు గర్వపడే ముక్క ఒకటుంది. ఆంగ్లేయులు వస్తారని తెలిసి ఇక్కడి అధికారులు సముద్రం ఒడ్డున కిలోమీటరు పొడవున గట్టి గ్రానైట్ గోడ కట్టి, వెనక ఫిరంగులు పెట్టారు. 1841 ఆగస్టు 26న పెద్ద యుద్ధనౌకలు గంటల తరబడి కాల్చినా ఆ గోడకు పెద్దగా ఏమీ కాలేదు. అప్పుడు సిపాయిలు పక్కన ఒడ్డున దిగి, చుట్టూ తిరిగి వెనక నుంచి ఎక్కారు. గోడ నిలబడింది, ఊరు పోయింది. మరుసటి ఏడు నాన్‌కింగ్ ఒప్పందంలో విదేశీయులకు తెరిచిన ఐదు రేవుల్లో షియామెన్ ఒకటి, వాళ్ళ నోట్లో దాని పేరు అమోయ్. ఎదురుగా ఉన్న గులాంగ్యూ దీవిలో కాన్సులేట్లు, చర్చీలు, బంగళాలు లేచాయి. 2017లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, మన వాళ్ళు సెల్ఫీలు దిగేది అక్కడే. కార్లు తిరగని దీవి, బాగుంటుంది, కాదనను, కాకపోతే సెలవు రోజుల్లో వెళ్తే మనుషుల వీపులు తప్ప ఏమీ కనబడవు.

అసలు కథ ఇక్కడి నుంచి. రేవు తెరిచాక ఎక్కువగా ఓడెక్కింది టీ మాత్రమే కాదు, మనుషులు. 1847లో క్యూబా చెరుకు తోటలకు కూలీలను ఎక్కించింది ఈ రేవు నుంచే. దళారులు మోసం చేసి, ఎత్తుకుపోయి మరీ ఎక్కిస్తున్నారని 1852లో ఊరు తిరగబడింది. మిగతావాళ్ళు మనీలా, సింగపూర్, జావా, పెనాంగ్ పోయారు. మన కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ పోయిన వాళ్ళది కూడా దాదాపు ఇదే కాలం, ఇదే పేదరికం. తేడా తర్వాత వచ్చింది. మన వాళ్ళు 1942లో జపాన్ బాంబులకు బర్మా వదిలి, అడవులు దాటి నడుచుకుంటూ వచ్చారు, చేతిలో ఏమీ లేకుండా. షియామెన్ వాళ్ళు ఇంటికి ఉత్తరం రాసిన ప్రతిసారీ అందులో డబ్బు పంపారు. ఆ డబ్బు ఉత్తరాల కట్టలను 2013లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది కూడా.

హువాంగ్ యిజు అని ఒకాయన ఉన్నాడు. మా రాయి కోసే షుయిటౌ ఉన్న నాన్‌ఆన్ ప్రాంతం వాడే. ఊళ్ళో క్షవరం పని చేసుకునే కుర్రాడు, జావా వెళ్ళి, బుట్ట మోసి అమ్ముకుని, చివరికి చక్కెర వ్యాపారంలో కోటీశ్వరుడు అయ్యాడు. 1919లో తిరిగొచ్చి గులాంగ్యూలో దిగాడు. షియామెన్‌కు కొళాయి నీళ్ళు, టెలిఫోన్లు వచ్చింది ఆయన డబ్బుతో, ఆయన చొరవతో. ఇంకొకాయన టాన్ కా కీ, సింగపూర్‌లో రబ్బరు, అనాసపండ్ల వ్యాపారం. సొంతూరు జిమెయ్‌లో బళ్ళు కట్టించాడు, 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం పెట్టాడు. మాంద్యం దెబ్బకు 1934లో కంపెనీ మూతపడింది. మూతపడినా విశ్వవిద్యాలయాన్ని వదల్లేదు, ఇక తన వల్ల కాక 1937లో ప్రభుత్వానికి అప్పగించాడు. మనలో ఎవరైనా కంపెనీ మునిగేటప్పుడు ముందు ఏం వదిలించుకుంటాడో మీకే తెలుసు. ఇదంతా ఏ ఆర్థిక మండలీ లేని రోజుల్లో జరిగింది, గమనించండి.

1938లో జపాన్ ఆక్రమణ. 1949లో కమ్యూనిస్టులు షియామెన్‌ను పట్టుకున్నారు కానీ ఆ అక్టోబరులోనే కిన్మెన్ మీదకు పోయి చావుదెబ్బ తిన్నారు. కిన్మెన్ తైవాన్ చేతిలోనే ఉండిపోయింది, ఇప్పటికీ. సుమారు పది కిలోమీటర్ల నీళ్ళు మధ్యలో. 1958 ఆగస్టు 23న మొదలుపెట్టి నెలన్నరలో దాని మీద దాదాపు 4,70,000 ఫిరంగి గుండ్లు పేల్చారు. తర్వాత రోజు విడిచి రోజు, బేసి తేదీల్లో మటుకే కాల్చే ఏర్పాటు ఒకటి 1979 జనవరి 1 దాకా నడిచింది. మధ్యలో టాన్ కా కీ పట్టుబట్టిన రాతికట్ట ఒకటి 1955కల్లా దీవిని ప్రధాన భూమికి కలిపింది, 1957లో రైలు వచ్చింది. అంతకుమించి ఎదురుగా ఫిరంగులున్న ఊళ్ళో ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు?

ఈ ముప్పై ఏళ్ళ సంగతి నేను పుస్తకాల్లో కాదు, ఒక పగిలిన బ్లాకు పక్కన విన్నాను. షియామెన్‌లోని హైత్సాంగ్ రేవు దగ్గర ఒక యార్డులో మా సరుకు మీద తగాదా వచ్చింది. పగులు ఉందని వాళ్ళు ఫోటోలు పంపారు, ఫోటోల్లో ఏమీ కనబడలేదు, రేటు తగ్గించుకోవడానికి నాటకమని మా ఆఫీసులో తేల్చేసి నన్ను పంపారు. యార్డు యజమాని ముసలాయన. నాన్‌ఆన్ మనిషి. బనీను మీద చొక్కా, గుండీలు పెట్టుకోడు. మార్చి నెల. ఆ ఊళ్ళో అప్పుడు దక్షిణం నుంచి తేమగాలి తిరుగుతుంది, గోడలకు చెమటలు పడతాయి, హోటల్లో దుప్పటి పిండితే నీళ్ళు వచ్చేలా ఉంటుంది. ఈ తేమలో రాయి ఆరదు, పగులు తేల్చలేం అని నా వాదన. తేల్చొచ్చు అని ఆయన.

రాయితో పనిచేసేవాళ్ళకు తెలిసిందే, వెంట్రుకవాసి పగులు కంటికి ఆనదు. సుత్తితో కొడితే మోత మారుతుంది, అది కూడా చెవి తిరిగినవాడికే. ఖాయంగా తెలియాలంటే నీళ్ళు పోయాలి. ఆయన బకెట్టు తెప్పించి బ్లాకు ముఖం మీద పై నుంచి కిందకు నీళ్ళు పోయించాడు. మా క్వారీలో తెల్ల పెయింట్‌తో వేసిన నంబరు, పొడవు వెడల్పులు అలాగే ఉన్నాయి, పక్కన వాళ్ళ మార్కర్, అంటే బ్లాకులు చూసి ఎంచే మనిషి, పెట్టిన గుర్తు కూడా. తడిసేసరికి చుక్కలన్నీ ఒక్కసారి మెరిశాయి. ఒక పెద్ద పెడెస్టల్ ఫ్యాన్ లాక్కొచ్చి బ్లాకు ముందు పెట్టి, “పదండి, టీ తాగుదాం” అన్నాడు.

ఆయన మాట్లాడేది ఆ ప్రాంతపు భాష, మా దుబాసీ అమ్మాయి బయటి రాష్ట్రం పిల్ల, ఆమెకు అర్థం కాదు. కోడలు దాన్ని మాండరిన్‌లోకి మారిస్తే ఈ అమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్పేది. రాతి పళ్ళెం మీద రెండు గుక్కలకు మించని కప్పులు, అన్షీ కొండల తియెగ్వాన్‌యిన్ టీ, మొదటి నీళ్ళు కప్పులు కడగడానికే పారబోశాడు. నేను పగులు గురించి ఎత్తినప్పుడల్లా ఇంకో కప్పు పోశాడు. వాళ్ళ ఊరు కిన్మెన్‌కు ఎదురు ఒడ్డునట. 1958లో బడికి పోయే పిల్లాడు. బేసి తేదీలా, సరి తేదీలా అని చూసుకునే సముద్రం మీద వేటకు పోయేవారట. చిన్నాన్న యుద్ధానికి ముందే మనీలా వెళ్ళిపోయాడు. ఆయన ఉత్తరాలతో ఇల్లు గడిచేది. తర్వాత సాంస్కృతిక విప్లవం రోజుల్లో విదేశాల్లో చుట్టాలుండడమే నేరమై, ఉత్తరాలన్నీ వాళ్ళమ్మ పొయ్యిలో పెట్టేసిందట. 80ల్లో చిన్నాన్న కొడుకు మనీలా నుంచి దిగి, ఊరు చూసి, మొదటి రాయి కోత మెషీన్‌కు డబ్బిచ్చి వెళ్ళాడు. ఇద్దరూ అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎరగరు. కాగితం రాసుకున్నారా అని అడిగాను. కోడలు ఆ ప్రశ్న అనువదించకుండానే నవ్వేసింది.

తిరిగి వెళ్ళేసరికి బ్లాకు ముఖమంతా ఆరిపోయి బూడిదరంగుకు వచ్చింది, కుడి మూల నుంచి ఏటవాలుగా ఒక్క గీత మాత్రం తడిగా, నల్లగా మిగిలింది. దారం మందం కూడా లేదు. మొత్తం బ్లాకు వద్దంటాడేమో, తిరుగు కిరాయి ఎవరు పెట్టుకోవాలి అని నాకు టెన్షన్. ఆయన ఎర్ర పెయింట్ డబ్బా తీసి, గీతకు జానెడు ఇవతల ఇంకో గీత గీసి, దాని అవతలి ముక్క కొలతలోంచి తీసేయమన్నాడు. ఎంత తీయాలనే దాని మీద కాసేపు బేరం ఆడాం, వచ్చే ఓడలో సర్దుకుందాం అన్నాడు, సర్దుకున్నాం. ఆ ప్రాంతంలో డబ్బు ఇలాగే తిరుగుతుంది. మనిషికీ మనిషికీ మధ్య లెక్క ఎప్పుడూ మూయరు, ముందుకు తోస్తూనే ఉంటారు.

ఇప్పుడు మండలి సంగతి. 1980లో షియామెన్‌కు ఇచ్చింది ఎంతో తెలుసా? హూలీ అనే చోట రెండున్నర చదరపు కిలోమీటర్లు, మా క్వారీల గుంతలన్నీ కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటాయేమో. 1984 ఫిబ్రవరిలో చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ వచ్చి చూసి వెళ్ళాకే మొత్తం దీవిని, 131 చదరపు కిలోమీటర్లను మండలి చేశారు. అసలు ఊపు 1987 చివర్లో తైవాన్ తన జనాన్ని ప్రధాన భూమికి వెళ్ళనిచ్చాక వచ్చింది. అవతలి ఒడ్డున ఉన్నదీ ఇదే భాష మాట్లాడేవాళ్ళు, ఇవే గుళ్ళకు మొక్కేవాళ్ళు. బంధువుల ఊరు వెతుక్కుంటూ వచ్చి చెప్పుల ఫ్యాక్టరీ పెట్టి వెళ్ళారు. 1989లో హైత్సాంగ్‌ను ప్రత్యేకంగా తైవాన్ పెట్టుబడులకే కేటాయించారు. మొదటి వంతెన 1991లో, సముద్రం కింద సొరంగం 2010లో. 2020 లెక్కల్లో జనాభా 51 లక్షలు దాటింది, రేవులో ఇప్పుడు ఏడాదికి కోటీ ఇరవై లక్షలకు పైగా కంటైనర్లు, ఇరవై అడుగుల లెక్కన.

అంతా పాలూ తేనే అని కాదు. 90ల చివర్లో ఇదే రేవులో లాయ్ చాంగ్‌షింగ్ అనే వ్యాపారి అధికారులను కొనేసి 5,300 కోట్ల యువాన్ల విలువైన సరుకు దొంగదారిన దించాడు. కెనడా పారిపోయాడు, 2011లో పట్టి తెచ్చారు, మరుసటి ఏడు యావజ్జీవం. ఇళ్ళ ధరలైతే జీతాలకు పొంతన లేనంత, అక్కడి కుర్రాళ్ళు ఎవర్ని కదిపినా మొదటి ఫిర్యాదు అదే.

ఇక మన గోల. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి, గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకమీద రాజులు లాక్కోరని, ఉన్న సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని విదేశీ వర్తకులకు మాటిచ్చాడు. అది సెజ్ కాక మరేమిటి? ఇప్పుడు అక్కడ శాసనం ఉంది, రేవు లేదు. రామాయపట్నం రేవుకు 2019లో ఒక ముఖ్యమంత్రి, 2022లో ఇంకో ముఖ్యమంత్రి కొబ్బరికాయ కొట్టారు. మా రాయి ఈ లోపు లారీల మీద దూరపు రేవులకు పోతూనే ఉంది, కోత, పాలిష్ లాభం షుయిటౌలో మిగిలిపోతూనే ఉంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళు డబ్బు పంపడం లేదా అంటే పంపుతున్నారు, కళ్ళు తిరిగేంత పంపుతున్నారు. అదంతా పోయి ప్లాట్లలో, కల్యాణ మండపాల్లో కూర్చుంటోంది. బావమరిదికి మెషీన్ కొనివ్వమంటే గ్యారంటీ ఏంటంటాడు, అదే బావమరిది చూపించిన వెంచర్‌లో మూడు ప్లాట్లు కొంటాడు. ఊళ్ళో బడి కట్టించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు దండం. నేను మాట్లాడేది మిగతావాళ్ళ గురించి.

ఈ జవాబు కింద ఎవరో ఒకరు “అక్కడ ఒకటే పార్టీ, నోరెత్తే దిక్కు లేదు, అందుకే పనులవుతాయి” అని రాస్తారు, ఎప్పుడూ రాస్తారు. 1949 నుంచి 1979 దాకా ఉన్నదీ ఆ ఒక్క పార్టీయే, ఆ రాతికట్ట, రైలు తప్ప షియామెన్‌లో ఏం కట్టింది మరి? పైగా 2007లో హైత్సాంగ్‌లో భారీ రసాయన కర్మాగారం కడుతుంటే, ఊరు ఊరంతా ఫోన్ మెసేజ్‌లు పంపుకుని జూన్ 1న వేల మంది రోడ్ల మీదకు వచ్చారు. ఊరేగింపు అంటే పట్టుకుంటారని “షికారుకు వచ్చాం” అన్నారు. ప్రాజెక్టును జాంగ్‌జౌ తీరంలోని గులేయ్‌కు తరలించాల్సి వచ్చింది. 2015లో అక్కడ అది పేలింది. అది రావాల్సిన హైత్సాంగ్‌లోనే ఇప్పుడు మా బ్లాకులు దిగుతున్నాయి, కాబట్టి కామెంట్ పెట్టే ముందు ఆ జూన్ నెల వార్తలు కాస్త వెతికి చదవండి.